ఎనిమిది డబ్బాలు, ఒక్క తెర

2004లో, ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో, మా ల్యాబ్ మూలన పడేసిన ఎనిమిది పెంటియం-3 కంప్యూటర్లను నేనూ నా స్నేహితుడూ దుమ్ము దులిపి బల్లమీదికి ఎక్కించాం. సగానికి మానిటర్లు లేవు. రెండింటికి పక్క మూతలు కూడా లేవు. మా దగ్గరున్నదల్లా ఒక పాత నెట్‌వర్క్ స్విచ్, మేమే క్రింప్ చేసుకున్న కేబుళ్లు, ‘క్లస్టర్‌నాపిక్స్’ అనే సీడీ ఒకటి. మొదటి మెషీన్ ఆ సీడీతో బూట్ అయింది. మిగతా ఏడూ నెట్‌వర్క్ మీద దాన్ని పట్టుకునే ఒకదాని వెనక ఒకటి లేచాయి.

మొదటి దానిమీద ‘మాస్‌మాన్’ అని కొడితే తెరమీద ఎనిమిది నిలువు గీతలు వచ్చాయి. ఒక్కో గీతా ఒక్కో మెషీన్ మీదున్న లోడు. అంకెలు లెక్కపెట్టడం తప్ప మరో పనిలేని చిన్న లూప్ రాసి, అలాంటివి పదహారు ఒకేసారి వదిలాం. ముందు ఒకటో గీత ఒక్కటే తాటిచెట్టులా లేచింది. కొన్ని సెకన్లకు అది కుంగుతూ, పక్కవి లేస్తూ, చివరికి ఎనిమిదీ నారుమడిలా సమానమయ్యాయి. ఏ పని ఏ మెషీన్‌కి వెళ్లాలో మేం చెప్పలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి మూలభాగం, కెర్నల్, తనే చూసుకుని సర్దేసింది.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ల్యాబ్ అటెండర్ అడిగాడు: “ఎనిమిది మోగుతుంటే నువ్వు ఒక్కదాని ముందే కూచున్నావేంటి బాబూ?”

“అన్నీ కలిసి ఒకటే బాబాయ్.”

“ఆహా” అన్నాడు. తర్వాత టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడానికి ప్లగ్గు కావాల్సొచ్చి, చివరి డబ్బాది పీకేశాడు. ఎనిమిదో గీత మాయమైంది. దానితోపాటు అక్కడికి వలసపోయిన రెండు లూపులూ చచ్చాయి. ఆయన తెరవైపు చూసి, మావైపు చూసి, “అన్నీ ఒకటే అన్నావుగా?” అన్నాడు.

మేం చేసిన విద్యను సింగిల్ సిస్టమ్ ఇమేజ్ అంటారు. పది మెషీన్లున్నా వాడేవాడికి ఒక్కటే అనిపించాలన్నది దాని లక్ష్యం. ఆశ పాతదే. జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో ఆమ్నాన్ బరాక్ బృందం 1970ల చివర్లోనే ఈ పని మొదలుపెట్టింది. అదే తర్వాత మోసిక్స్ అయింది. మా సీడీలో ఉన్న ఓపెన్‌మోసిక్స్ దానికి పాయే. అమెరికాలో డిజిటల్ కంపెనీ 1983లో వాక్స్‌క్లస్టర్ ప్రకటించింది. అందులో ఏ మెషీన్‌లో లాగిన్ అయినా అవే డిస్కులు, అవే ఫైళ్లు.

మోసిక్స్ పద్ధతిలో నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. నడుస్తున్న ప్రోగ్రామును, అంటే ప్రాసెస్‌ని, మధ్యలో ఆపి, మెమరీతో సహా పక్క మెషీన్‌కి తరలించి, ఆగినచోటు నుంచే నడిపిస్తుంది. అయితే పూర్తిగా తరలించదు. పుట్టిన మెషీన్‌లో దాని తరఫున ఒక ప్రతినిధి ఉండిపోతుంది. ఫైలు తెరవాలన్నా, టైము అడగాలన్నా, కబురు వెనక్కి, ఆ ప్రతినిధి దగ్గరికే పోవాలి. ఆ రోజుల్లో శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు పనికొచ్చిన మనిషిలాగన్నమాట. రెక్కల కష్టం ఇక్కడ, రేషన్ కార్డూ ఓటూ అక్కడ. ఒళ్లు వంచి పనిచేసుకునేంత వరకూ ఏ ఇబ్బందీ లేదు. మాటిమాటికీ సంతకాలు కావాల్సిన పనైతే మాత్రం బస్సు చార్జీలకే సరి. మా లెక్కల లూపులు హాయిగా వలసపోవడానికీ, ఫైళ్లతో కుస్తీపట్టే ప్రోగ్రాములు వెళ్లి కూడా ఉద్ధరించకపోవడానికీ కారణం అదే.

దీని వెనక ఎవరూ దాటలేని గోడ ఒకటుంది, దూరం. అమెరికా నేవీ అధికారి గ్రేస్ హాపర్ ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు దాదాపు 30 సెంటీమీటర్ల వైరు ముక్కలు పంచేవారు. నానోసెకనులో సిగ్నల్ అంతకు మించి పోలేదని చేతికిచ్చి చూపించడం అది. మెషీన్ తన మెమరీలోంచి ఓ మాట తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. మామూలు నెట్‌వర్క్ మీద పక్క మెషీన్‌ని అడిగి తెచ్చుకోవాలంటే దానికి వెయ్యి రెట్లు. మొదటిది ఒక సెకను అనుకుంటే రెండోది పావుగంట పైమాటే. ఉప్పు డబ్బా గూట్లోంచి అందుకోవడం వేరు, సందు చివరి కొట్టుకెళ్లి తేవడం వేరు. రెండూ ఒకటేనని వంట చేసేవాళ్లకు చెబితే కూర మాడుతుంది.

అందుకే రెండో దారి పట్టినవాళ్లు ఈ తేడాను అసలు దాచలేదు. 1994లో నాసా గొడార్డ్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు పీసీలను కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. మెషీన్లు చాలా ఉన్నాయి, పని పంచుకునే బాధ్యత ప్రోగ్రాం రాసేవాడిదే అని వాళ్ల పద్ధతి. అంతకు మూడేళ్ల ముందు, 1991లో, అమెరికా సూపర్ కంప్యూటర్ ఇవ్వనన్న తర్వాత పుణెలో సీ-డాక్ తయారుచేసిన పరమ్ 8000 కూడా చిన్న చిప్‌లను చాలా కలిపి కట్టిందే. అక్కడా పని విడగొట్టి పంచడం ప్రోగ్రామర్ నేర్వాల్సిన విద్యే.

నేను పాఠం నేర్చుకున్నది మాత్రం పుస్తకంలో కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సంస్థకు రెండు సర్వర్ల క్లస్టర్ కట్టిచ్చాను. రెండింటికీ కలిపి డిస్కుల పెట్టె ఒకటే. ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉంటుంది. ‘బతికే ఉన్నా’నని క్షణక్షణం చెప్పుకోవడానికి మధ్యలో ఒక కేబుల్. ఆ కబురునే మేం హార్ట్‌బీట్ అంటాం. ఒక రాత్రి ఆ కేబుల్ వెళ్లే స్విచ్ పోర్టు మొరాయించింది. మొదటి సర్వర్ నిక్షేపంగా ఉంది, కానీ దాని గుండెచప్పుడు రెండోదానికి వినిపించలేదు. మొదటిది పోయిందనుకుని, రెండోది వారసత్వంగా డిస్కు తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మొదటిదీ రాస్తూనే ఉంది. ఒకే చిట్టా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు, ఒకరిని ఒకరు చూడకుండా, తెల్లవార్లూ. పొద్దున్నకి ఫైల్ సిస్టమ్ అక్కరకు రాకుండా పోయింది. ముందురోజు బ్యాకప్ ఎక్కించి, పోయిన ఎంట్రీలన్నీ వాళ్ల సిబ్బంది చేత్తో మళ్లీ కొట్టారు. తప్పు నాదే. ఖర్చు తగ్గుతుందని, పెట్టాల్సినవి పెట్టలేదు.

పలకడం లేదంటే పోయిందని అర్థం కాదు. ఈ తేడా బయటి నుంచి ఏ మెషీన్‌కీ తెలియదు. ఇద్దరే ఉండి తగువొస్తే తీర్చేవాడుండడు కాబట్టి మూడో ఓటు కావాలి. మన ఊళ్లో అన్నదమ్ముల పంపకానికి పెద్దమనిషిని కూచోబెట్టినట్టు. క్లస్టర్లలో దీన్ని కోరం అంటారు. ఐదు ఓట్లుంటే కనీసం మూడు తమవైపున్న పక్షమే పని సాగించాలి, మిగతావి చేతులు కట్టుకోవాలి. మాట వినకుండా మొండికేసేదాన్ని కరెంటు తీసేసి మరీ పడుకోబెట్టే ఏర్పాటు ఇంకొకటి. నేను మిగిల్చిన ఖర్చు ఈ రెండిటిదే.

ఓపెన్‌మోసిక్స్ ప్రాజెక్టును 2008 మార్చిలో మూసేశారు. ఒక్క చిప్‌లోనే పలు కోర్లు చవగ్గా దొరుకుతుంటే ఇంత తంటా దేనికన్నది దాన్ని నడిపిన మోషే బార్ వాదన. కానీ ఆశ చావలేదు, వేషం మార్చుకుంది. గూగుల్ 2014లో బయటపెట్టిన కుబర్నెటిస్ ఇప్పుడు చాలాచోట్ల ఏ పని ఏ మెషీన్‌కి వెళ్లాలో తనే చూసుకుని సర్దుతోంది. తేడా ఏమిటంటే, ప్రాసెస్‌ని బతికుండగా మోసుకెళ్లే కష్టం సాధారణంగా పెట్టుకోదు. మెషీన్ పోతే దాని మీదున్న పనిని ఇంకోచోట కొత్తగా పుట్టిస్తుంది. పదింటికి తత్కాల్ టికెట్ కోసం కూచున్నవాళ్లకు ఇదంతా కనపడక్కర్లేదు. కాపలా కాసేవాళ్లకు మాత్రం ప్రతి మెషీన్ పేరూ, దాని ఒంట్లో నలతా కనిపించాలి. నాకిప్పుడు అర్థమైందల్లా ఇంతే. ఒకటిగా కనిపించడం వాడేవాళ్లకు మనం చేసే మర్యాద. మనమూ దాన్ని నమ్మేస్తే మాత్రం కొంప మునుగుతుంది.

మీకు ఉందనైనా తెలియని ఏదో కంప్యూటర్ చెడిపోయి మీ కంప్యూటర్‌ని మూలన కూచోబెడితే, అదే డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అని 1987లో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ చమత్కరించారు. ఆ సంగతి మా అటెండర్ బాబాయ్ ఫ్యాన్ ప్లగ్గుతో చెప్పాడు.

ఇప్పుడు ఏ క్లస్టర్ అప్పగించాలన్నా ముందు నేను ఒక పని చేస్తాను. టీమ్‌లో అందరికంటే చిన్నవాడిని పిలిచి, “ర్యాక్ వెనక్కెళ్లి, నాకు చెప్పకుండా, నీకిష్టమైన కేబుల్ ఒకటి పీకెయ్ నాయనా” అంటాను. వాడు బిత్తరపోతాడు. నేను తెరముందు కూచుంటాను. వాడుతున్నవాళ్లకు ఏమీ తెలియకూడదు, పీకింది ఏదో నాకు తెలియాలి. రెండూ జరిగితేనే సంతకం పెడతాను.