ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక కాగితం. బెంగళూరు నుంచి మా బంధువులు మొగిలి ఘాట్ మీదుగా వచ్చి, మర్నాడు తిరుమల కొండకు వెళ్లారు. సగం దారి ఎక్కేసరికి కారులో కమురు వాసన. దిగాక ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే స్కానర్ తగిలించి, లోపాలేవీ లేవని ప్రింటు తీసి ఇచ్చారు. వాసన మాత్రం కారులో అట్లాగే ఉంది.

ఈ కాలమ్ పాత పాఠకులకు స్కానర్ల మీద నా గొడవ కొత్త కాదు. సెన్సర్ ఉన్నచోటి సంగతే అది చెబుతుంది. ప్యాకింగ్ దగ్గర ఆయిల్ చెమ్మగిల్లినా, సైలెన్సర్‌కు ప్లాస్టిక్ కవరు అతుక్కుని కాలినా దానికి పట్టదు.

అంబాసిడర్ల కాలంలో రేణిగుంట రోడ్డు షెడ్డులో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఘాట్ మీద పెట్రోలు పంపు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరైపోతే బండి ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి, కాసేపాగి స్టార్ట్ చేసేవారు. ఆ గుడ్డ డిక్కీలో లేకుండా ఆయన ఎవరినీ కొండకు పంపేవాడు కాదు. మాడు వాసన అని ఎవరొచ్చినా బానెట్ ఎత్తకముందే, ‘ఎక్కేటప్పుడొచ్చిందా సామీ, దిగేటప్పుడొచ్చిందా?’ అనేవాడు.

తిరుపతిలో ఈ ప్రశ్నకున్న విలువ వేరే ఊళ్లో ఉండదు. 1944లో వేసిన పాత ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఒక్క పూటలో బండికి రెండు పరీక్షలూ అయిపోతాయి. ఎక్కుతున్నప్పుడు వాసనొస్తే ముందు క్లచ్చును, ఇంజన్ను అనుమానించాలి. మలుపులో బస్సు వెనక హాఫ్ క్లచ్ మీద పాకుతూ పోతే ప్లేటు జారి, దాని లైనింగ్ మాడుతుంది. దిగుతున్నప్పుడైతే బ్రేకులు. సెకండ్ గేర్‌లో ఇంజను పట్టు మీద దిగాల్సింది పోయి, పొడుగునా బ్రేకు మీదే కాలుంచితే ప్యాడ్లు కమురుతాయి. బ్రేక్ ఆయిల్ పాతబడి తేమ పీల్చుకుని ఉంటే ఆ వేడికి మరిగి, పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ పట్టకూడదన్న నియమాన్ని విసుక్కునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మా వాళ్ల కారును నాకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్ ఒక్కసారి వాసన చూసి, ‘క్లచ్ పోయింది, గేర్ బాక్స్ దించాల’ అన్నాడు. పక్కనున్న కుర్రాడు ఆగమన్నాడు. ‘అన్నా, బండి నిలిపినాక కూడా వస్తాందా? ఏసీలోంచి వస్తాందా?’ రెండింటికీ అవుననే జవాబు. ఎక్కేటప్పుడు మాడిన క్లచ్ అయితే కింద సాఫీ రోడ్డుకొచ్చి కాలు తీశాక వాసన తగ్గుతూ రావాలి. ఇది తగ్గలేదు.

ఆ కుర్రాడు కూడా స్కానర్ తగిలించాడు. కోడ్ల కోసం కాదు, ఇంజను నడుస్తుండగా కూలెంట్ వేడి ఎంతుందో చూడడానికి. మామూలుగానే ఉంది, కాబట్టి ఇంజను ఉడకడం లేదు. తర్వాత టార్చి తీసుకుని ఇంజను వెనక వైపు వంగాడు. ట్యాపెట్ కవర్ అంచు పొడుగునా నల్లటి తడి, దానికి పట్టిన దుమ్ము. కింద ఎగ్జాస్ట్ రేకు మీద అరచేయంత గోధుమరంగు మరక. యాక్సిలరేటర్ కాసేపు పట్టి ఉంచితే ఆ మరక మీంచి సన్నటి నీలిపొగ లేచింది. ఏసీకి గాలి వెళ్లే దారి అద్దం కింద, సరిగ్గా ఆ వెనకే.

కవర్ విప్పితే పాత ప్యాకింగ్ వంచగానే విరిగింది. రెండు అంచులూ శుభ్రంగా తుడిచి, కొత్తది కూర్చోబెట్టి, బోల్టులను కొంచెం కొంచెంగా సమానంగా బిగించాడు. రేకు మీద మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా కాస్త వాసనుంటుందని ముందే చెప్పాడు. గేర్ బాక్స్ జోలికి పోలేదు.

ముక్కు మాటే విని ఉంటే గేర్ బాక్స్ కిందికి దిగేది, వేలల్లో బిల్లయ్యేది, వాసన మిగిలేది. స్కానర్ ఈసారి ఒక అనుమానాన్ని తీసేసింది, ఆ మేరకు దానికి నా గౌరవం దక్కాలి. పాత మేస్త్రీ గొప్పతనం కూడా ముక్కులో కన్నా ఆ ప్రశ్నలోనే ఎక్కువుందని ఇప్పుడనిపిస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది బండి నడిపినవాడే. కొంతసేపటికి ఏ వాసనకైనా ముక్కు అలవాటు పడిపోతుంది గనక, రాగానే గమనించాలి: ఎక్కడ, ఏ గేర్‌లో, ఏసీ ఉందా లేదా.

వైర్లు కాలిన వాసనొస్తే మాత్రం ఈ విచారణ ఏదీ వద్దు. రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపండి, అందరినీ దించి దూరంగా నిలబెట్టండి. పొగ కనిపిస్తుంటే బానెట్ ఎత్తకండి, గాలి తగిలితే మంట లేస్తుంది.