నీటి చదువు: కొలత, కట్టుబాటు

కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడు బావిలో వెలసెనని స్థలపురాణము. ఆ చిత్తూరు సీమలో అధికభాగము రాతినేల. శిథిలమైన పైపొరలోను, దిగువ రాతి పగుళ్లలోను తప్ప నీరు నిలువదు. ఇట్టిచోట నీటి చదువు ఎట్లుండవలెను?

2003లో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో చిత్తూరుతో సహా ఏడు జిల్లాలలో సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకము ఇందుకొక ఉదాహరణము. అందు ఉపన్యాసములకు బదులు కొలతలు నేర్పిరి. రైతులే వర్షమానమును చదివి, బావులలో నీటిమట్టమును కొలిచి, రబీకి ముందు సభ చేరి నీటి జమాఖర్చు వేసిరి. ఇదియే దాని గొప్పతనము.

లోపము లేకపోలేదు. ఆ లెక్క సలహా మాత్రమే, ఎవరినీ నిర్బంధింపదు. ఒకే పగులునుండి రెండు బోరులు తోడునపుడు, ఒకరు ఆరుతడి పైరు వేసి మిగిల్చిన నీటిని పొరుగువారు వరికి పారించుకొనవచ్చును. కనుక కొలతతోపాటు ఉమ్మడి కట్టుబాటును గూడ నేర్పినగాని చదువు పూర్తి కాదు.

ఉపాధ్యాయుల శిక్షణకును ఇదే పాఠము. 15 లీటర్ల బొక్కెన 10 సెకన్లలో నిండినచో, ఆ బోరు నిమిషమునకు 90 లీటర్లు పోయునని విద్యార్థి స్వయముగా లెక్కింపవలెను. అటుపై ఆ నీరు ఎవరిదను ప్రశ్న తరగతిలో పుట్టవలెను. నీటిని పొదుపు చేయుడని నూరుసార్లు వల్లె వేయించు శిక్షణ ఈ రెంటిలో ఒక్కదానినైనను ఈయజాలదు.