పాట ఆగినచోట

ఈ వారం కారేపల్లిలో ఒక పెళ్లికి వెళ్లాను. ఎదురుకోళ్ల దగ్గర బ్యాండ్ మేళంలో అరవై దాటిన ఒకాయన సాక్సాఫోన్ వాయిస్తూ వాయిస్తూ దాన్ని మెడపట్టీకి వదిలేసి గొంతెత్తి పాడాడు. రెండు చరణాలయ్యాక మళ్లీ నోట పెట్టుకుని, గొంతు ఆపిన స్వరం దగ్గరే అందుకున్నాడు. బంతికి రమ్మని పిలిచినా నేను కదల్లేదు.

పాటగాడూ వాద్యగాడూ ఒకే మనిషైతే ఆ పాట తీరే వేరని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. కిన్నెరకైనా డోలుకైనా చేతులు చాలు, నోరు ఖాళీగా ఉంటుంది. ఊదే వాద్యానికి ఆ వీలు లేదు. ఉన్న దమ్ము ఒక్కటే. అది పాటకిస్తే రీడుకు లేదు, రీడుకిస్తే పాటకు లేదు. అందుకని ఊదే మనిషి పాడితే తన మాటకు తనే బదులు చెప్పుకోవాలి. 1940లలో అమెరికాలో లూయీ జోర్డాన్ ఇలాగే పాడి, ఆపి, సాక్సాఫోన్ అందుకునేవాడు. రిథమ్ అండ్ బ్లూస్‌కు దారి వేసినవాళ్లలో ఆయనొకడు. ఆ బదులు చెప్పుకోవడం కారేపల్లి పందిట్లో వింటానని నేననుకోలేదు.

అంతలో పెద్దాయన భీమ్లా నాయక్ సినిమా పాట మొదలు ఎత్తుకున్నాడు. పిల్లలు కేకలు. నాకు మనసు చివుక్కుమంది.

2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ పాట మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడేవాడు. పాట వచ్చిన మరుసటేడు పద్మశ్రీ. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మేలో ఆయనే తుర్కయంజాల్‌లో కట్టుబడి కూలిగా కనిపించాడు. అప్పటినుంచీ నా వాదన ఒకటే: సినిమా కాసేపు వాడుకుని వదిలేస్తుంది, సన్మానం ఒక రోజు ముచ్చట.

మనకు ఇంకా దగ్గరి మనిషి సకిని రామచంద్రయ్య. మణుగూరు మండలం కూనవరం. అదే 2022లో పద్మశ్రీ వచ్చింది. కంచుమేళం, కంచుతాళం మీద సమ్మక్క సారలమ్మల కథ కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పేవాడు. ఇలా కోయల కథలు పాడే డోలి వాళ్ల పని మామూలు పాట కాదు. కోయల్లో ఒక్కో గట్టుకు, అంటే వంశానికి, ఒక్కో వేల్పు, ఒక్కో పడిగె. ఆ గుడ్డ మీద బొమ్మల్లో వంశమంతా ఉంటుంది. చదువు రాని ఇంట్లో కూడా ఆ గుడ్డ విప్పి, డోలి ఆయన పాడితే మూలపురుషుడి నుంచీ పేర్లు వరసగా దిగివస్తాయి. చిన్నప్పుడు ఒక కొలుపులో నేను విన్నాను. భాష అర్థం కాలేదు. కానీ ఏ పేరు దగ్గర మేళం ఆగిందో, ఏ పేరుకు ముసలమ్మలు చేతులు జోడించారో ఇప్పటికీ కళ్ల ముందుంది. ఆ పాట తప్పు పాడితే ఒక ఇంటివాళ్లకు తాత మారిపోతాడు. అంత బరువు మోసే గొంతు కాబట్టే డోలి ఆయన్ను పిలిపించుకుంటారు, కూర్చోబెడతారు, కట్నం పెడతారు. పిలుపు ఉంది కాబట్టి పాట ఉంది.

రామచంద్రయ్య 2024 జూన్‌లో కన్నుమూశాడు. ఆ 2022 పద్మాల్లోనే భద్రాచలం రామయ్య సన్నిధిలో నాదస్వరం ఊదిన గోసవీడు షేక్ హసన్ సాహెబ్ పేరూ ఉంది. ఆయన దాన్ని చూడకుండానే వెళ్లిపోయాడు.

భోజనాలయ్యాక సాక్సాఫోన్ పెద్దాయన రీడు తుడుచుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను: ఇంత బాగా పాడేవాడివి, ఆ సినిమా ముక్క ఎందుకన్నా?

"డీజే పెట్టెలొచ్చినంక మమ్మల్ని ఎవరూ పిల్వలే సారూ. ఎనిమిదేండ్లు ఇది అటక మీదనే ఉన్నది. ఆ పాటొచ్చినంక పిల్లలు ఫోన్ల విని, ఇది వాయిస్తవా తాతా అని అడిగిన్రు. వాయించిన. వాయిస్తే నిలబడి విన్నరు. నిలబడ్డంక మన పాట ఎత్తుకున్న. అప్పట్ల మొదలే మన పాటంటే ఎవరు నిలబడుదురు?"

ఆయన ముందు పాడిన రెండు చరణాలూ సమ్మక్క పాటవి. నేను భీమ్లా నాయక్‌కు ముఖం చిట్లిస్తున్నప్పుడు పిల్లలు వాటి కోసమే మళ్లీ అడగడం గమనించనే లేదు.

నా వాదనలో సగం వదులుకుంటున్నాను. మొగులయ్య గొంతు ఆ సినిమాలో వినిపించింది కాసేపే. ఆ కాసేపే ఇక్కడ ఎనిమిదేళ్ల తర్వాత ఒక సాక్సాఫోన్‌ను అటక దింపింది. మొగులయ్య పాటలోనూ జరిగింది అదే కదా, ఒక మనిషి వంశం చెప్పి నిలబెట్టడం. డోలి ఆయన చేసేదీ అదే. అది సినిమాలోకి వెళ్తే పాడైపోతుందని భయపడ్డాను. పాడైపోలేదు.

రెండో సగం మాత్రం వదలను. పతకం ఇచ్చిన చేయి నెలనెలా బువ్వ కూడా పెట్టాలి. లేదా జనం పిలవాలి.

నేను బయల్దేరుతుంటే పెళ్లికూతురు మేనమామ పెద్దాయన దగ్గర నిలబడి ఫోన్‌లో నంబరు ఎక్కించుకుంటున్నాడు. ఏన్కూరులో వాళ్లింట్లో వచ్చే నెల పెళ్లి. "డీజే వద్దు, మీరే రావాలె బాబాయ్" అంటున్నాడు. ఎంత తీసుకుంటారని అడిగితే పెద్దాయన వెంటనే చెప్పలేదు. రీడు మళ్లీ ఒకసారి తడిచేసి చూసుకున్నాడు.