చెట్టు పట్టుకున్న చెయ్యి

మా పెరట్లో వేపచెట్టుకు పాతికేళ్ల కిందట అమ్మ దండెం తీగ కట్టింది. ఇప్పుడా తీగ కనిపించదు. బెరడు దాన్ని మింగేసి పైన పెదవుల్లా మూసుకుంది. ఆ బొడిపె మీద చెయ్యి వేసినప్పుడల్లా నాకు ఇటలీ శిల్పి జుసెప్పే పెనోనె గుర్తొస్తాడు.

1968లో, 21 ఏళ్ల వయసులో, ఆయన తన సొంతూరు గరెస్సియో దగ్గరి అడవిలో ఒక లేత చెట్టు మానును గుప్పిట పట్టాడు. తన చేతిని లోహంలో పోత పోయించి, అదే చోట, అదే పట్టుతో బిగించాడు. ఆయన చేసింది అంతే. మిగతాది చెట్టు పని. ఏటా కాస్త లావెక్కుతూ, వేళ్ల సందుల్లోంచి ఉబ్బుతూ, ఆ పట్టు చుట్టూనే పెరిగింది. ‘ఆ ఒక్కచోట తప్ప పెరుగుతూనే ఉంటుంది’ అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టాడు. ఏ శిల్పి అయినా ఏదో ఒకరోజు ఉలి కింద పెట్టాల్సిందే. పెనోనె దాన్ని చెట్టు చేతికిచ్చి వచ్చేశాడు.

ప్రాణమున్నదాన్ని కళలోకి తెచ్చింది పెనోనె ఒక్కడే కాదు. 1969 జనవరిలో రోమ్‌లోని లత్తికో గ్యాలరీలో యానిస్ కునెలిస్ అనే కళాకారుడు బతికున్న 12 గుర్రాలను గోడల వెంట కట్టేశాడు. ఆ వాసనతో, ఊపిరితో గ్యాలరీకే ప్రాణం వచ్చిందని మెచ్చుకునేవాళ్లున్నారు. ఫొటోలు చూస్తే నాకు మాత్రం ముందుగా తాళ్లే కనిపిస్తాయి. లోహపు చేతికి చెట్టు తన పెరుగుదలతో జవాబు చెప్పుకుంది. గుర్రానికి చేతనైంది పరుగు. దాన్నే ఆపేశాక ఆ శిల్పంలో గుర్రం చేసిందేముంది?

నా మనసు జర్మనీలోని కాసెల్ వైపే పోతుంది. 1982లో కళాకారుడు జోసెఫ్ బాయ్స్ అక్కడి మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్లు కుప్ప పోయించాడు. ఊళ్లో ఒక మొక్క నాటితే ఒక రాయి కదిలి దాని పక్కన నిలబడాలి. కుప్ప ఎంత తరిగితే ఊరు అంత పచ్చబడినట్టు. అది పూర్తిగా తరగడానికి అయిదేళ్లు పట్టింది. బాయ్స్ 1986లోనే పోయాడు. 1987లో చివరి మొక్క ఆయన కొడుకు నాటాడు. నాటిన నాడు మొక్క పక్కన రాయి దిట్టంగా కనిపించేది. ఇప్పుడా రాయి చెట్టు నీడలో ఉంటోంది. ఏ చెట్టయినా ఎండిపోతే అక్కడ ఇంకోటి నాటుతున్నారు.

మొన్న కొమ్మలు కొట్టడానికి మనిషిని పిలిచాను. వేపమానును అరచేత్తో తడుముతూ వచ్చి, బొడిపె దగ్గర ఆగాడు.

“ఇక్కడ లోపల ఇనుముందమ్మా. రంపం పెడితే పళ్లు పోతాయి” అని, నిచ్చెనను అవతలి పక్కకు జరుపుకున్నాడు.