ఫార్మాట్ కొట్టే ముందు

రెండు మానిటర్లు పెట్టుకుని పనిచేసేవాళ్ళు మన కోనసీమలో ఇప్పుడు తక్కువేం లేరు. అమలాపురంలో పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు, కొత్తపేటలో శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్లు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకు పనిచేసే పిల్లలు. నా మట్టుకు నాకు తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు దిద్దే అలవాటుంది. ఎడం తెర మీద స్కాన్ చేసిన పేజీ, కుడి తెర మీద టైపు చేసిన పాఠం. చూపు అటూ ఇటూ తిరుగుతుంటే అచ్చుతప్పు దానంతటదే కంట్లో పడుతుంది. దీనికి అలవాటు పడ్డాక ఒక్క తెర మీద పని సాగదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. అంతకంటే పాతవే అయినా నిక్షేపంలా నడుస్తున్న కంప్యూటర్లు మన ఊళ్ళలో బోలెడు. తెలిసినవాళ్ళు అడిగితే వాటికి లైనక్స్ మింట్ ఎక్కించి ఇస్తుంటాను. ఆ తర్వాత ఎక్కువగా వచ్చే ఫోను ఒకటే: "మాస్టారూ, కింద బార్ మళ్ళీ అటెళ్ళిపోయిందండి." బారూ, ఐకాన్లూ, కొత్తగా తెరిచే విండోలూ పనిచేస్తున్న తెర వదిలేసి పక్క తెర మీదికి పోతాయి. రిపేర్ షాపుకి తీసుకెళ్తే వినబడే మాట కూడా ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం." ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

లైనక్స్‌లో తెర పని చాలాకాలంగా చూసిన ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది. ఫలానా తెరే ముఖ్యమని చెప్పే ప్రైమరీ అన్న ఊసు అప్పట్లో లేదు. కీత్ ప్యాకార్డ్, జిమ్ గెటిస్ మొదలుపెట్టిన రాండ్‌ఆర్ అనే భాగం వల్ల, 2007 నాటి 1.2 కూర్పు నుంచి, నడుస్తున్న కంప్యూటర్‌కే మానిటర్లు తగిలించడం, తీయడం వీలైంది. 2009లో 1.3 కూర్పుతో ప్రైమరీ అనే గుర్తు చేరింది. అది వట్టి గుర్తే. ఫలానా పోర్టు ప్రైమరీ అని ఎక్స్ రాసి ఉంచుతుంది. అది చదివి బార్ ఎక్కడ పెట్టాలో తేల్చుకునేది డెస్క్‌టాప్. కాబట్టి బార్ చోటు మారితే ముందుగా అడగాల్సిన ప్రశ్న, ఆ గుర్తు మార్చిందెవరు అని.

మార్చగలిగేవాళ్ళు ఒకరు కాదు. పవర్ బటన్ నొక్కగానే వచ్చే కంపెనీ బొమ్మ ఏ తెర మీద రావాలో బయాస్ చూసుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగే తెరకి మింట్‌లో లాగిన్ విండో అని వేరే సెట్టింగ్ ఉంది. లోపలికి వెళ్ళాక డెస్క్‌టాప్ తన సొంత ఫైలు చూసుకుంటుంది. ఈ మూడూ ఒకదాని మాట ఒకటి వినవు. పాస్‌వర్డ్ తెర తప్పు మానిటర్ మీద వస్తోందని డిస్‌ప్లే సెట్టింగ్స్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేనిది అందుకే.

రాజోలు దగ్గర ఒక డీటీపీ సెంటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆఫీసు సీపీయూ. వెనక రెండు డిస్‌ప్లేపోర్ట్‌లు, ఒక వీజీఏ. కొత్త మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కి, పాతది వీజీఏకి తగిలించారు. పగలంతా బాగానే ఉంటుంది. కరెంటు పోయొస్తే బార్ పాత మానిటర్ మీదికి పోతుంది, అదీ ప్రతిసారీ కాదు, కొన్నిసార్లే. ఇలాంటి కేసుల్లో ఆ "కొన్నిసార్లే" అన్న మాటను వదలకుండా పట్టుకోవాలి.

టెర్మినల్ తెరిచి ఎక్స్‌రాండ్‌ఆర్ అని కొడితే ఒక్కో పోర్టుకీ ఒక్కో వరుస వస్తుంది. పోర్టు పేరు, దాని పక్కన కనెక్టెడ్ అనో డిస్‌కనెక్టెడ్ అనో, ఒక్కదానికి మాత్రం ప్రైమరీ అని. సెంటర్‌లో ఉన్న అబ్బాయిని మెయిన్ ఆపమన్నాను. సీపీయూ, పాత మానిటర్ యూపీఎస్ మీద నడుస్తూనే ఉన్నాయి. కొత్త మానిటర్ ఆరిపోయింది. యూపీఎస్‌లో సాకెట్లు చాలక దాని ప్లగ్ గోడ బోర్డులో పెట్టారట. మళ్ళీ ఎక్స్‌రాండ్‌ఆర్ కొడితే డిస్‌ప్లేపోర్ట్ పక్కన డిస్‌కనెక్టెడ్ అని వచ్చింది. నేనున్నానని చెప్పే సంకేతం డిస్‌ప్లేపోర్ట్‌లో మానిటరే పంపాలి. దానికి కరెంటు లేకపోతే వైరు పీకేసిన కిందే లెక్క. మిగిలిన ఒక్క తెర ప్రైమరీ అయింది. అంతవరకూ న్యాయమే. మరి కరెంటు వచ్చాక పాత అమరిక తిరిగి ఎందుకు రాదు?

మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ ఆ అమరికను హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైలులో రాసుకుంటుంది. పోర్టు పేరొక్కటే కాదు, మానిటర్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు కూడా. మానిటర్లు మళ్ళీ అవే వివరాలతో కనబడితేనే పాత అమరిక బయటికి తీస్తుంది. లేకపోతే తనకు తోచినదాన్ని ప్రైమరీ చేస్తుంది. ఆ ఫైలు తెరిచి చూస్తే, అదే వీజీఏ మానిటర్ ఒకచోట పేరూ నంబరుతో ఉంది, ఇంకోచోట అన్‌నోన్ అని ఉంది.

మానిటర్ తన వివరాలు చెప్పుకునే పత్రాన్ని ఈడీఐడీ అంటారు. దాని మూలభాగం 128 బైట్లు. వీజీఏ కేబుల్‌లో 15 పిన్నులు, వరుసకు ఐదు చొప్పున మూడు వరుసలు. ఈ పత్రం నడిచేది 12, 15 పిన్నుల మీద, రెండూ మూడో వరుసలోవే. రంగులు నడిచే పిన్నులు మొదటి వరుసలో ఉంటాయి. అందుకే ఆ రెండు పిన్నులు చెడినా బొమ్మ చక్కగా వస్తుంది, పేరు మాత్రం రాదు. కేబుల్ పీకి టార్చి వేసి చూస్తే మూడో వరుస నిండా పచ్చటి చిలుము. సముద్రం దగ్గర ఊళ్ళు, ఉప్పుగాలి, ఏడాది పొడుగునా తేమ. ఒకసారి అంటుకుంటోంది, ఒకసారి లేదు. మూలం అక్కడుంది.

కేబుల్ మార్చాం. కొత్త మానిటర్ ప్లగ్‌ని కూడా యూపీఎస్ కిందికి తెచ్చాం. పాత ఫైలు పక్కన పెట్టి అమరిక ఒకసారి కొత్తగా సేవ్ చేశాం. "ఆయ్, ఇంతేనాండీ!" అన్నాడు అబ్బాయి. ఫార్మాట్ కొట్టి ఉంటే ఇంక్‌స్కేప్‌లో గీసుకున్న శుభలేఖలు, వెతికి వేసుకున్న మండలి, రామభద్ర ఫాంట్లు అన్నీ పోయేవి. చిలుము మాత్రం అలాగే ఉండేది.

కొత్త ఉబుంటు వాడేవాళ్ళకి ఒక మాట. 2008లో క్రిస్టియన్ హాగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ ఇప్పుడు ఎక్స్ స్థానంలోకి వచ్చింది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్ సెషనే లేదు. వేలాండ్ ప్రోటోకాల్‌లో ప్రైమరీ గుర్తు లేదు, ఆ నిర్ణయం పూర్తిగా డెస్క్‌టాప్‌దే. కేడీఈ ప్లాస్మా అయితే 2023లో వచ్చిన 5.27 నుంచి మానిటర్లకు ఒకటి, రెండు అని వరుస ఇస్తోంది. పాతకాలపు ఎక్స్‌రాండ్‌ఆర్ ఆదేశాలు లాగిన్ అవగానే నడిచేట్టు పెట్టుకుంటే ఇక్కడ అవి బార్‌ని కదపలేవు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే మార్చాలి. ఎక్స్ మీద ఉన్నవాళ్ళు కూడా గ్రాఫిక్స్ డ్రైవర్ మారిస్తే పోర్టు పేర్లు మారతాయని గుర్తుంచుకోవాలి. నిన్నటి హెచ్‌డీఎంఐ-1 ఇవాళ హెచ్‌డీఎంఐ-0 కావచ్చు.

కారణం కళ్ళెదుట కనబడే వ్యవస్థ లైనక్స్. ఏ పోర్టు ఉందో, ఏది పోయిందో, ఎక్కడ రాసుకుందో అన్నీ తెరిచి చూడొచ్చు. అంత సౌకర్యం ఉండగా చూడకుండా తుడిచేయడం తప్పు. రెండు తెరలవాళ్ళు ఏ మానిటర్ ఏ పోర్టులో ఉందో ఒక కాగితం మీద రాసి సీపీయూకి అంటించుకోండి, రెండు ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌లో పెట్టండి, వానాకాలం పోయాక కేబుళ్ళు ఓసారి పీకి పిన్నులు చూడండి. రిపేర్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళకి నా విన్నపం: ఎక్స్ మీద నడిచే కంప్యూటర్ వస్తే, ఫార్మాట్ మాట ఎత్తేముందు ఎక్స్‌రాండ్‌ఆర్ ఒక్కసారి కొట్టండి, వచ్చింది కస్టమర్‌కి కూడా చూపించండి.