ఉప్పు గాలిలో బ్యాటరీ బండి: లాగడం తగ్గితే ఎక్కడ వెతకాలి

శ్రీకాకుళం జిల్లా తీరంలోని నౌపడ ఉప్పు మళ్లలో నీటి చిక్కదనాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రం నుంచి వచ్చిన నీరు బోమే కొలతలో సుమారు మూడు, మూడున్నర డిగ్రీలు ఉంటుంది. ఎండకు చిక్కబడుతూ, మడి నుంచి మడికి మారుతూ 25 డిగ్రీలు దాటాక ఉప్పు పేరడం మొదలవుతుంది. 29, 30 దగ్గరికి వచ్చేసరికి మిగిలిన నీటిని బయటికి వదిలేయాలి. వదలకపోతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది, గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. ఫ్రెంచి ఔషధ తయారీదారు ఆంట్వాన్ బోమే 1768లో ఇచ్చిన ఈ కొలత ఉప్పు పండించేవారికి నేటికీ అక్కరకొస్తోంది.

చిక్కదనాన్ని కొలిచే అదే సూత్రంతో పనిచేసే చిన్న హైడ్రోమీటర్ బ్యాటరీ మెకానిక్ దగ్గరా ఉంటుంది. పూర్తిగా చార్జ్ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలో యాసిడ్ గ్రావిటీ సుమారు 1.265. బోమే లెక్కలోకి మారిస్తే అది 30 డిగ్రీలు. చార్జ్ దిగిపోయిన సెల్లులో 1.120 దగ్గరికి, అంటే 15 డిగ్రీలకు పడిపోతుంది. మడిలో పదును చెప్పే సాధనమే బ్యాటరీలో బలం చెబుతుందన్నమాట. ఈ-ఆటో గానీ, గోల్ఫ్ మైదానాల్లోనూ పెద్ద స్టేషన్లలోనూ తిరిగే బ్యాటరీ కారు గానీ లాగడం తగ్గినప్పుడు ముందు కొలవాలి, ఆ తర్వాతే కొనాలి. ఈ తీరప్రాంతంలో ఈ క్రమశిక్షణ అవసరం మరీ ఎక్కువ.

"బండి లాగట్నేదు బాబూ" అని డ్రైవర్ అనగానే నాలుగు బ్యాటరీలూ మార్చేయమనే సలహా తేలిగ్గా వస్తుంది. రోజు సంపాదనతో ఇల్లు నడిపే మనిషికి ఆ ఖర్చు నెలల తరబడి మోయాల్సిన అప్పు. అసలు లోపం ఒక వదులైన నట్టు దగ్గరే ఉండి ఉంటే ఆ అప్పంతా వృథాయే. అందుకే మంచి మెకానిక్ స్పానర్ పట్టేముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. బలం ఒక్కసారిగా తగ్గిందా, నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందా? పొద్దున బాగుండి మధ్యాహ్నానికి నీరసిస్తోందా? ఖాళీగా ఉన్నప్పుడు పరుగెత్తి, మనుషులు ఎక్కగానే ఆగుతోందా? కుదుపులు వస్తున్నాయా? నెమ్మదిగా తగ్గితే అనుమానం ముందు బ్యాటరీల మీదికి పోతుంది. ఉన్నట్టుండి తగ్గినా, వచ్చిపోతూ ఉన్నా వైర్లు, జాయింట్లు చూడాలి. ఈ తీరపు రోడ్లు చాలావరకు చదును కావడంతో లోపం చాన్నాళ్లు దాక్కుంటుంది. వంతెన ఎక్కాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది.

తర్వాత కరెంటుతో సంబంధం లేనివాటిని చూడాలి. టైర్లలో గాలి సరిపడా ఉందా? చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందా? బ్రేకు పట్టేసి ఉన్నా, బేరింగు బిగుసుకున్నా మోటారు అదనంగా కరెంటు లాగుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. నేరం బ్రేకుదైతే శిక్ష బ్యాటరీకి పడకూడదు.

ఇక బ్యాటరీలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే ఈ-ఆటోలో సాధారణంగా నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 48 వోల్టులు చేస్తారు. గోల్ఫ్ కార్టుల్లో ఆరు 6 వోల్టులవి కలిపి 36, లేదా ఆరు 8 వోల్టులవి కలిపి 48 చేయడం మామూలు. వరుసలో ఉన్న వాటన్నిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది కాబట్టి, అన్నిటికంటే బలహీనమైనదే బండి సత్తాను నిర్ణయిస్తుంది. పూర్తిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు ఆగి కొలిస్తే ఒక్కో 12 వోల్టుల బ్యాటరీ 12.6, 12.7 చూపాలి. అయితే ఈ అంకెను చూసి తృప్తిపడకూడదు. పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు మంచి వోల్టేజీ చూపిస్తుంది. నిజం బయటపడేది లోడ్‌లోనే. మనుషుల్ని ఎక్కించి బండి నడుపుతుండగా, పక్కన కూర్చున్నవారు మల్టీమీటర్‌తో ఒక్కో బ్యాటరీనీ చూడాలి. మూడు 12 వోల్టుల దగ్గర నిలబడి, నాలుగోది 10కి జారిపోతే దొంగ దొరికినట్టే.

ఆ నాలుగోదాని మూతలు తీసి ఆరు సెల్లుల గ్రావిటీ చూడాలి. అయిదు సెల్లులు 1.250 చూపి, ఒకటి 1.180 దగ్గర ఆగితే ఆ సెల్లు పోయినట్టు లెక్క. సెల్లుల మధ్య తేడా 0.050 దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. అన్ని సెల్లులూ సమానంగా తక్కువ ఉంటే మాత్రం బ్యాటరీని అనుమానించే ముందు చార్జరును చూడాలి, చార్జింగుకు ఎన్ని గంటలు పెడుతున్నారో అడగాలి. సరిగా చార్జ్ కాని బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్వపు బలం రాదు. పాత సెట్టులో ఒక్క కొత్త బ్యాటరీ పెట్టడం కూడా ఆలోచించి చేయాల్సిన పని. సెట్టు వయసు తక్కువైతే ఫలిస్తుంది. మిగతావి అరిగిపోయి ఉంటే వాటితో కలిసి కొత్తదీ త్వరగా పాడవుతుంది.

నౌపడ ప్రత్యేకత జాయింట్ల దగ్గర కనిపిస్తుంది. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంది, తేమ ఉంది. రాగి తీగ కొనల మీద పచ్చటి చిలుము, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి త్వరగా పేరుకుంటాయి. పైకి శుభ్రంగా కనిపించే జాయింటు లోపల కుళ్లి ఉండొచ్చు. దాన్ని పట్టే పద్ధతి సులువు. బండి లోడ్‌లో ఉండగా మీటర్ ఒక కొనను బ్యాటరీ సీసపు పోస్టు మీద, రెండోదాన్ని దానికి బిగించిన కేబుల్ లగ్గు మీద ఆనించాలి. అంకె దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు కనిపిస్తే, 60 ఆంపియర్ల దగ్గర 30 వాట్లు ఆ ఒక్క చోటే వేడిగా పోతున్నాయి. ఇలాంటివి నాలుగు ఉంటే మోటారుకు చేరేదెంత? బ్యాటరీ మూత మీది ఉప్పు పొర కూడా తేమ పీల్చి కరెంటుకు దారి ఇస్తుంది. మీటర్ ఒక కొన టెర్మినల్ మీద, రెండోది మూత మీది మురికి మీద పెడితే వోల్టేజీ కనిపిస్తుంది. బండి నిలబడి ఉన్నా చార్జింగ్ కొద్దికొద్దిగా కారిపోతోందని అర్థం.

దీనికి మందు చవకైనది. ముందు నెగెటివ్ కేబుల్ విప్పి, వంట సోడా కలిపిన నీటితో తోమి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన వాజలిన్ పూయాలి. సోడా నీరు సెల్లులోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. ఉప్పదనం ఉన్న బావినీటిలోని క్లోరైడ్లు ప్లేట్లను తినేస్తాయి. చార్జింగ్ వేళ హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. పనిచేసే చేతికి ఉంగరం, కడియం వద్దు.

బ్యాటరీలు, కేబుళ్లు సరిగా ఉన్నాయని అంకెలు తేల్చాకే కంట్రోలర్ వైపు వెళ్లాలి. దానిలోకి పూర్తి వోల్టేజీ వెళ్తోందా? మధ్యలో సోలినాయిడ్ ఉంటే దాని కాంటాక్టులు కాలిపోయి వోల్టేజీని తినేస్తున్నాయా? యాక్సిలరేటర్ తిప్పుతుంటే దాని సిగ్నల్ సాఫీగా పెరుగుతోందా, మధ్యలో తెగుతోందా? వేడెక్కినప్పుడు కంట్రోలర్ తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. అది రోగం కాదు, రక్షణ. చివరికి మోటారు. కార్బన్లు ఉన్న మోటారైతే వాటి అరుగుదల చూడాలి. కార్బన్లు లేని రకమైతే చక్రం నెమ్మదిగా తిప్పుతూ మూడు హాల్ సెన్సార్ల వోల్టేజీ మారుతోందో లేదో కొలవాలి.

ఈ పద్ధతి పెద్ద షాపుల సొత్తు కాదు. ఒక మల్టీమీటర్, ఒక హైడ్రోమీటర్, ఓపిక ఉంటే టెక్కలిలోనైనా, పలాసలోనైనా ఏ కుర్రాడైనా నేర్చుకోవచ్చు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న మునిసిపాలిటీలకు చెత్త సేకరణ కోసం ఈ-ఆటోలు ఇచ్చింది. ప్రయాణికుల ఆటోలూ పెరుగుతున్నాయి. బండ్లు వచ్చినంత వేగంగా వాటిని అర్థం చేసుకునే చేతులు రావాలి. ప్రతి బండికీ ఒక నోటుబుక్కు పెట్టి, నెలకోసారి ఒక్కో బ్యాటరీ వోల్టేజీ, ఒక్కో సెల్లు గ్రావిటీ రాసిపెట్టుకుంటే, బండి ఆగిపోకముందే ఏది నీరసిస్తోందో తెలుస్తుంది. ఐటీఐల్లో, షెడ్లలో పిల్లలకు విడిభాగం మార్చడం కంటే ముందు ఈ రాసుకునే అలవాటు నేర్పాలి. ఆ నోటుబుక్కు చేతిలో ఉన్న డ్రైవరు షాపువాడు ఏది చెబితే అది కొనడు. తన బండికి ఏది కావాలో తానే అడిగి తెచ్చుకుంటాడు.