ఋణము, విధి, సుంకము: ‘డ్యూటీ’ పదార్థ విచారము

ఆంగ్లభాషలోని ‘డ్యూటీ’ అను చిన్న పదము అనువాదకుని పలుమారులు చిక్కులలో పడవేయునది. నీతిగ్రంథమున నది కర్తవ్యము, మతగ్రంథమున ధర్మము, ఉద్యోగుల నిబంధనలలో విధి, ఓడరేవున సుంకము. దస్తావేజులు వ్రాయుచోట అనువాదప్రయత్నమే విడిచి ‘స్టాంపు డ్యూటీ’ అనుచున్నాము. ఆంగ్లాంధ్ర నిఘంటువులు సామాన్యముగా ఈ యర్థములకు అంకెలు వేసి, ఒకదాని క్రింద నొకటి చూపి, అంతటితో విరమించును. అంతరాత్మకు సంబంధించిన కర్తవ్యమును, రేవున కట్టు పన్నును ఒకే పదమునకు అర్థములెట్లైనవి? ఆ రెంటిని కలుపు సూత్రము తెనుగున గలదా? గలదేని ఎచ్చట? ఈ ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము. తెనుగు నామవాచకములలో విడివడిన యీ యర్థములు తెనుగు క్రియలలో కలసియే యున్నవనియు, ఆ కలయికను గుర్తింపనిచో మన కావ్యములలోని కొన్ని ఘట్టములను, నేటి శాసనభాషను గూడ సరిగా చదువజాలమనియు నా యభిప్రాయము.

ముందుగా ఆంగ్లపదము సంగతి. ఇది ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును చేరినది. ‘డ్యూ’ యనగా ఒకరికి ఈయవలసియున్నది. దానికి భావార్థకరూపము ‘డ్యూటీ’. మూలము లాటిను ‘డెబేరే’. అప్పుపడి యుండుట దాని యర్థము. అప్పునకు పేరైన ‘డెట్’ అను పదమును ఈ ధాతువునుండి పుట్టినదే. కాన ‘డ్యూటీ’ యనగా మొదట ‘బాకీ’ యని గ్రహింపవలయును. ఆ బాకీ సొమ్ము కావచ్చును, సేవ కావచ్చును, గౌరవము కావచ్చును. సుంకమను అర్థము నీతిపరమైన అర్థమునకు వెనుక ఎవరో అతికించినది కాదు. ఒకే మానినుండి వెడలిన రెండు కొమ్మలవి.

మన పదములకు ఈ పుట్టుక లేదు. ‘ధర్మము’ ధరించునది, నిలుపునది. ‘కర్తవ్యము’ చేయదగినది. ‘విధి’ ఏర్పరుపబడినది. మీమాంసకులకు విధి యనగా పురుషుని కార్యమునకు పురికొల్పు వాక్యము. అర్థవాదమునుండి, నిషేధమునుండి దానిని వారు వేరుచేసిరి. లోకమునకు మాత్రము విధి యనగా నొసటి వ్రాత, లేదా ఆ వ్రాత వ్రాసిన బ్రహ్మ. ఈ రెండర్థములయందును సమానమైన అంశమొకటి గలదు. విధి వెనుక నుండువాడు ఆజ్ఞాపించువాడు. ‘డ్యూటీ’ వెనుక నుండువాడు బాకీ రావలసినవాడు. ఒకచోట ఆజ్ఞ, మరియొకచోట అప్పు. ఈ భేదమును మరచి విధిని ‘డ్యూటీ’కి సరియైన జోడుగా నెంచుటవలననే పెక్కు పొరపాటులు కలుగుచున్నవి.

అట్లని కర్తవ్యమును ఋణముగా భావించుట మన పూర్వులెరుగనిది కాదు. బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడనియు, బ్రహ్మచర్యముచే ఋషులకును, యజ్ఞముచే దేవతలకును, సంతానముచే పితరులకును వాటిని తీర్చుననియు తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. శతపథబ్రాహ్మణము మనుష్యులకు చెల్లవలసిన నాలుగవ ఋణమును గూడ చేర్చి, అతిథిసత్కారము దానిని తీర్చునని బోధించినది. భావమున్నది, కాని ఋణమను పదము కర్తవ్యమునకు సామాన్యనామము కాలేదు.

ఈ సందర్భమున అమరకోశమును తిరిగి చూచుట లాభకరము. ప్రథమకాండమున దైవమునకు పర్యాయములు చెప్పుచు అమరసింహుడు భాగధేయమును, విధిని ఒకే వరుసలో కూర్చెను. ద్వితీయకాండమున క్షత్రియవర్గమున ఆ భాగధేయశబ్దమే పుంలింగమున కరమునకు, బలికి పర్యాయముగా తిరిగి వచ్చినది. బాల్యమున వల్లెవేసినవారు ఈ రెండు తావులను కలిపి చూచుట అరుదు. భాగధేయమనగా పాలు. దైవము నరునకు పంచియిచ్చిన పాలు అదృష్టము. నరుడు రాజునకు పంచియిచ్చిన పాలు పన్ను. పాలు ఒకటే, పంచువాడు మారినాడు. లింగభేదమొక్కటే ఆ మార్పునకు గుర్తు. బలిశబ్దమును ఇట్టిదే. దేవతకు పెట్టినను బలియే, రాజునకు కట్టినను బలియే. బుద్ధుడు జన్మించిన తావగుటచే లుంబినీగ్రామమును బలినుండి విముక్తము చేసి, రాజభాగమును ఎనిమిదవ పాలుగా నిర్ణయించినట్లు అశోకుని రుమ్మిందేయి శాసనము తెలుపుచున్నది. ఒక పుణ్యస్థలమునకు రాజు చూపిన గౌరవము పన్ను తగ్గింపు రూపము దాల్చినది.

ఇక శుల్కము. దీనినుండియే ప్రాకృతద్వారమున మన ‘సుంకము’ వచ్చినది. ఘట్టము మొదలగు తావుల ఈయవలసినది శుల్కమని అమరుని నిర్వచనము. కౌటిల్యుని అర్థశాస్త్రము శుల్కాధ్యక్షునకు ఒక ప్రకరణమునే కేటాయించి, దిగుమతి సరకుపై విలువలో అయిదవ పాలు సామాన్యశుల్కమని విధించినది. వధువునకై యిచ్చు సొమ్మునకును ఇదియే పేరు. గురజాడవారి నాటకమువలన తెనుగువారికి శుల్కమనగానే ఆ యర్థమే ముందు స్ఫురించును. రెండుచోట్లను శుల్కము దాటుటకిచ్చు వెల: రేవు దాటుటకొకటి, గడప దాటుటకొకటి.

సుంకమును తప్పించుకొనగోరిన వర్తకుడు రాత్రియెల్ల అడ్డదారుల తిరిగి తిరిగి, తెల్లవారునప్పటికి సుంకపుపాక యెదుటనే తేలెనట. దీనినే శాస్త్రకారులు ఘట్టకుటీప్రభాతన్యాయమనిరి. ‘డ్యూటీ’ పదార్థము విషయమున మన నిఘంటుకారుల స్థితియు ఇట్లే యున్నది. నీతివేరు, పన్నువేరు అని ఎంత దూరముగా నడచినను, తుదకు ‘ఈయవలసినది’ అను పాకయొద్దకే చేరవలసి వచ్చుచున్నది.

నామములను విడిచి క్రియలను చూచినచో ఈ పాక తెనుగునేలపైననే కనబడును. ‘చెల్లు’ అను అచ్చ తెనుగు ధాతువును పరికింపుడు. నాణెము చెల్లును, అప్పు చెల్లును, ‘ఇట్లు చేయుట నీకు చెల్లదు’ అన్నప్పుడు తగదని యర్థము. చలామణి, తీరుట, తగియుండుట — ఈ మూడును ఒకే ధాతువున ఇమిడినవి. ప్రేరణార్థకమగు ‘చెల్లించు’ పరిధి ఇంకను విశాలము. అప్పు చెల్లింతుము, పన్ను చెల్లింతుము, మ్రొక్కు చెల్లింతుము, ఇచ్చిన మాట చెల్లింతుము. ఋణదాత, రాజు, దైవము, తోడిమనుజుడు — నలుగురకును ఒక్కటే క్రియ. తీర్చినవానికి లభించు పత్రము చెల్లుచీటి. ఆంగ్లేయుడు ఒక నామమున బంధించిన యర్థములను తెనుగువాడు ఒక క్రియయందు బంధించినాడు.

దీనికి ఎదురుగా ‘విధించు’ నిలుచును. శిక్ష విధింతురు, నియమము విధింతురు, పన్ను విధింతురు. ఇది పైనున్నవాని క్రియ. చెల్లించుట క్రిందనున్నవాని క్రియ. పన్ను ఒకటే యైనను, విధించునప్పుడు ఆజ్ఞ, చెల్లించునప్పుడు బాకీ. ‘విధి నెరవేర్తుము’ గాని ‘విధి చెల్లింతుము’ అనముగదా యని ఆక్షేపింపవచ్చును. ఆ మాట నిజమే. అదియే నా వాదమునకు బలము. విధి యను నామమును గ్రహించిన తోడనే ‘చెల్లించు’ జారిపోవుచున్నది. దానితోబాటు ఎవరికో రావలసినదను భావమును జారిపోవుచున్నది.

ఈ దృష్టితో హరిశ్చంద్రుని కథను చదివిన పూర్వము మరుగుపడిన క్రమమొకటి గోచరించును. గౌరన ద్విపదగా రచించిన హరిశ్చంద్రోపాఖ్యానము మొదలు బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమువరకు తెనుగునాట వ్యాపించిన ఈ కథయందు ‘డ్యూటీ’ పదార్థములన్నియు వరుసగా వచ్చుచున్నవి. మొదటిది మాట: విశ్వామిత్రునకు ఈయ నొప్పుకొన్నది. మాట ఋణమైనది, దానికి గడువేర్పడినది, వసూలునకు నక్షత్రకుడు వెంటబడినాడు. పీడించి రాబట్టువానికి ఆ పేరు తెనుగున నేటికిని నిలిచియున్నది. ఋణము తీర్చుటకై రాజు చంద్రమతిని, లోహితాస్యుని కాలకౌశికునకు, తన్ను వీరబాహునకు అమ్ముకొనెను. ఋణము తీరినది, కొలువు మొదలైనది. ఆ కొలువులో వాని పని కాటిసుంకము వసూలు చేయుట. మాట, అప్పు, కొలువు, సుంకము: నాలుగును ఒకదానినుండి ఒకటి పుట్టినవి.

చనిపోయిన కుమారునితో చంద్రమతి కాటికి వచ్చినప్పుడు హరిశ్చంద్రుడు సుంకమడుగుట ఈ కథకు శిఖరము. దానిని సత్యసంధతకు పరాకాష్ఠగా కొందరు మెచ్చుదురు. హృదయములేని నియమపాలనగా కొందరు గర్హింతురు. ఇరువురును అడుగుచున్నవానిని మాత్రమే చూచుచున్నారు గాని, ఆ సొమ్మెవరిదని విచారించుట లేదు. మార్కండేయపురాణమున కాటి రాబడికి పంపకము స్పష్టముగా చెప్పబడినది: ఆరవ పాలు రాజునకు, మూడు పాళ్లు యజమానికి, రెండు పాళ్లు భటునకు జీతము. ఒకనాడు తాను రాజుగా గ్రహించిన ఆరవ పాలును నేడు అతడు మరియొక రాజునకై కాచుచున్నాడు. సింహాసనముపై నున్ననాడు సుంకము మాపుటకు వాని కధికారమున్నది. కాటియందు అది లేదు. తన సొమ్మును విడుచుట దయ. పరుల సొమ్మును విడిచి దయ యనుకొనుట దయ కాజాలదు. ఆ పేదరాలినుండి సుంకము గొనుట న్యాయమని కథ యెచ్చటను చెప్పుట లేదు. దానిని మాపుటకు తాను కర్తను కానని ఎరిగినవాని వేదనను చూపుచున్నది. విధించువాని న్యాయము వేరు, వసూలుచేయువాని నిజాయితీ వేరు. ఈ యెడమును పట్టుకొనుటయందే ఆ ఘట్టమునకు కరుణము సిద్ధించినది.

సుంకమును మాపగలవాని ధర్మమునకు తెనుగుచరిత్రయందే గొప్ప నిదర్శనము గలదు. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనమది. పూర్వపురాజులు తుపానుచే పగిలి ఒడ్డునకు చేరిన ఓడల సరకును బలాత్కారముగా గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే గొప్పదని తలచి సముద్రమున సాహసించు వర్తకులకు, దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నియతమైన శుల్కము తప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కము ముప్పదింట ఒకటి. చందనము, కర్పూరము, ముత్తెములు, దంతము మున్నగు సరకులకు రేట్లును శాసనమున చెక్కించెను. ఈ శాసనమున ‘డ్యూటీ’ రెండు ముఖములును ఒకే శిలపై నిలిచినవి. వర్తకుడు చెల్లింపవలసినది శుల్కము; అంతకు మించి గ్రహింపకుండుట రాజు చెల్లింపవలసిన మాట. బాకీకి హద్దు ఏర్పడినప్పుడే అది బాకీ, హద్దులేనిచో దోపిడి.

నేటి శాసనభాషకు వత్తము. 1976లో నలుబదిరెండవ సవరణముచే భారతరాజ్యాంగమున పౌరులకు పది ‘ప్రాథమిక విధులు’ చేర్పబడినవి; 2002లో పదునొకండవది చేరినది. స్వరణ్ సింగ్ సంఘము పన్ను చెల్లించుటను గూడ ప్రాథమికవిధిగా చేర్చవలెనని సిఫారసు చేసినను, అది ఆ పట్టికకెక్కలేదు. పన్నునకు సంబంధించిన ముఖ్యవాక్యము రెండువందల అరువదియైదవ అధికరణమున గలదు: చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు. రాజ్యాంగము పన్నును చెల్లించువాని వైపునుండి గాక, విధించువాని వైపునుండి, అదియు హద్దు రూపమున ప్రస్తావించినది. మోటుపల్లి శిల పలికిన భావమునకు ఇది దూరము కాదు. తెనుగు అనువాదమున ఈ సంబంధము కనబడవలెనన్న విధి, విధించు, చెల్లించు అను మూడింటి పరస్పరస్థానము పాఠకునకు తెలిసియుండవలయును. లేనిచో ‘ప్రాథమిక విధులు’ అనుదానియందు పైనుండి వచ్చిన ఆజ్ఞ మాత్రమే విద్యార్థికి వినబడును. తోడిపౌరులకు తాను బాకీపడి యున్నానను ధ్వని వినబడదు.

వాడుకలోని ‘డ్యూటీ’ ఈ రెంటిని గూడ విడిచి మూడవదారి పట్టినది. బస్సు నడపువాడు డ్యూటీ ఎక్కును, దాది డ్యూటీ దిగును. ఇచట డ్యూటీ ప్రధానముగా కాలపరిమితిగల పని. గంట కొట్టినతోడనే ముగియును. ఎక్కి దిగగల డ్యూటీ వేరు, దిగుటకు వీలులేని ఋణము వేరు. ఈ భేదమును ఏ నిఘంటువు ఉపదేశింపకయే ప్రజలు క్రియలచే పాటించుచున్నారు.

కాన ‘డ్యూటీ’కి క్రొత్తపదము కల్పింపనక్కరలేదు. సందర్భమునుబట్టి ధర్మము, కర్తవ్యము, విధి, సుంకము వాడుకొనవచ్చును. ఐనను తరగతిలో ఈ పదములను బోధించునపుడును, కావ్యములను వివరించునపుడును మూడు ప్రశ్నలు వేయుట అవసరము: ఎవరికి రావలసినది? ఎంతవరకు? మాపుటకు కర్త ఎవరు? హరిశ్చంద్రుని కాటియొద్దను, గణపతిదేవుని రేవునొద్దను ఈ ప్రశ్నలకు వేరువేరు సమాధానములు లభించినవి. నామములకు అంకెలు వేసి విరమించిన నిఘంటువు వీనికి బదులీయజాలదు. పరిశోధకులు కావ్యములలోను, శాసనములలోను చెల్లు, తీర్చు, విధించు అను క్రియల ప్రయోగములను కాలక్రమమున సేకరింపగలిగినచో, తెనుగువాని కర్తవ్యభావచరిత్రకు అది దృఢమైన పునాది కాగలదు.